మైసమ్మ పుంజు

ఆ కాలనీలో కుక్క మొరగవచ్చు, కోడి మాత్రం కూయకూడదు. అది శ్రీరామమూర్తి పెట్టిన రూలు. అతను దేవుడు కాదు, కాలనీ సంఘానికి సెక్రటరీ. అయినా ఎల్.బి. నగర్ వెనక ఆ నాలుగు వీధుల్లో దేవుడి మాటకంటే అతని మాటే ముందు చెల్లేది.

తెల్లవారక ముందే లచ్చయ్య తన రేకుల గది వెనక గొంతుక్కూర్చుని పుంజును టమాటాల చెక్కపెట్టెలోకి వంచుతున్నాడు. మెడ సాచితేనే పుంజు కూయగలదు. తల ఎత్తనివ్వకపోతే గొంతులోనే గురగురమని ఊరుకుంటుంది. ఏడాదిగా రోజూ ఇదే పని. ఎడమ అరచేత్తో వీపు నొక్కి, కుడిచేత్తో తల వంచి, పైన చెక్క మూసి, దానిమీద పాత గొంగడి కప్పుతాడు. పొద్దెక్కి వీధిలో బండ్ల మోత మొదలయ్యాక తీస్తాడు.

ఈరోజు చెక్క మూయబోతూ ఆగాడు. పుంజు నెత్తిమీది ఎర్రజుట్టు చివర చెక్కకు రాసుకుని తోలు లేచింది. నెత్తురు చెమరుస్తోంది.

మొక్కుకోడికి ఐబు ఉండకూడదు. కుంటిదైనా, కన్ను పోయినదైనా, జుట్టు తెగినదైనా మైసమ్మ ముట్టదు. వచ్చే ఆదివారమే ఊళ్లో బోనాలు. లోపలికి పోయి పసుపు తెచ్చి గాయానికి అద్దాడు. మళ్లీ పెట్టెలో కుక్కడానికి చెయ్యి రాలేదు. గంప కింద మూసి, గంప మీద గొంగడి కప్పాడు. గంప కింద పుంజుకు మెడ సాచేంత ఎత్తు ఉంది. అది అతనికి తెలుసు.

"గీ ఒక్కపూట నోర్మూసుకో," అన్నాడు పుంజుతో. "గంతే అడుగుతున్న."

ఆ పుంజు అతని భార్య ముత్తమ్మ మొక్కు. తను పనిచేసే చికెన్ షాపులో కోళ్లు కోస్తుండగా కత్తి జారి లచ్చయ్య ఎడమ అరచెయ్యి తెగింది. దెబ్బ చీముపట్టి మోచేతి దాకా నల్లబడితే, దవాఖానాలో చెయ్యి తీసెయ్యాలన్నారు. ముత్తమ్మ దవాఖానా మెట్ల మీదే కొంగు పరిచి, చిట్యాల పక్కనున్న తమ ఊరి మైసమ్మకు పుంజును మొక్కుకుంది. చెయ్యి నిలిచింది. ఇంటి కోళ్లలో మంచి ఒడ్డూపొడుగూ ఉన్న పుంజుపిల్లను ఎంచి, కాలికి పసుపుదారం కట్టింది. అది కూత నేర్చేలోగా ఆమెకు కామెర్లు ముదిరాయి. పోయేముందు మొగుడి తిండి గురించి చెప్పలేదు, ఇంటి గురించి చెప్పలేదు.

"పుంజు పైలం," అంది. "గదే నా బాకీ."

ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా దేవతకు ఏదీ ఎత్తకూడదు. అందుకని పుంజును ఏడాది సాకాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే శ్రీరామమూర్తి రూలు పుట్టింది.

"ఇది మీ ఊరు కాదు లచ్చయ్యా," అన్నాడు అతను గేటు దగ్గర నిలబెట్టి. "నలుగురూ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లం. తెల్లారగట్ట ఆ కూతలేంటి? రెట్టల కంపేంటి?"

"మా ఆమె ఉన్నప్పుడు మీ ఇంటికి గుడ్లు తెస్తుండె గద సార్. గప్పుడు కంపు రాలేదా?"

"నోరు అదుపులో పెట్టుకో. గుడ్లు వేరు, రూలు వేరు. కోళ్లన్నా వెళ్లాలి, నువ్వన్నా వెళ్లాలి."

లచ్చయ్య పెట్టలన్నింటినీ అమ్మేశాడు. పుంజును కూడా అమ్మేశానని చెప్పాడు. అబద్ధమాడినందుకు అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆ మనిషికి నిజం చెప్పేంత బాకీ లేడు.

గేటు దగ్గర వాచ్‌మన్ అంతయ్య బీడీ కాలుస్తున్నాడు. అతనిదీ లచ్చయ్య పక్కూరే. పుంజు సంగతి కాలనీలో తెలిసినవాడు అతనొక్కడే. ఏడాదిగా కడుపులో దాచుకున్నాడు.

"మూసినవా అన్నా?"

"మూసిన."

"సార్ నిన్న గూడ అడిగిండు, ఏడనో కోడి గురగుర వినొస్తున్నదని. నా కడుపులనే గురగుర అంటున్నది సార్, గ్యాస్ అని చెప్పిన."

లచ్చయ్య నవ్వలేదు. ముత్తమ్మ పోయాక అతని ముఖం నవ్వడం మరిచిపోయింది. "ఇంకొక్క వారం," అని మాత్రం అని ఆటో ఎక్కాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాండు వెనక గల్లీలో నాగార్జున చికెన్ షాపు. ముందు గల్లా, తూకం. వెనక గోడకు చిన్న కిటికీ. కిటికీ అవతల లచ్చయ్య. అక్కడికి గిరాకీల ముఖాలు కనిపించవు, గొంతులే వినిపిస్తాయి. ఆదివారం కావడంతో పొద్దున్నుంచే నెత్తురు కాలువ కట్టింది. ఎడమచేత్తో రెక్కలు రెండూ వెనక్కి మడిచి పట్టడం, అదే చేతి బొటనవేలితో దవడ కింద నొక్కి మెడ తిప్పడం, ఒక్క కోత, నీలం డ్రమ్ములోకి విసరడం. డ్రమ్ములో కోళ్లు దబదబ కొట్టుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పడి, కొట్టుకుని, నెమ్మదిస్తాయి. అప్పుడు కాళ్లు పట్టి తీసి వేడినీళ్లలో ముంచుతాడు. నెత్తురు అతని మోచేతుల దాకా ఎండి పగుళ్లిచ్చింది. కోడి కళ్లలోకి చూడొద్దని పని నేర్పిన ముసలాయన మొదటిరోజే చెప్పాడు. ఆనాటి నుంచి లచ్చయ్య ఏ కోడి తలా చూసి ఎరగడు.

"లచ్చన్నా, జర జల్ది," ముందు నుంచి ఎవడో అరిచాడు. "ఇంటికాడ మా ఆమె కత్తి పట్టుకొని నిలబడ్డది."

"ఆమెను గూడ ఇటే పంపు," అన్నాడు షాపు ఓనరు నాగార్జున. "కటింగ్‌కు మనిషి తక్కువున్నడు."

ఇంటి దగ్గర పెంచిన నాటుకోళ్లను కూడా సంచుల్లో తెచ్చి కోయించుకుపోతారు. సంచి కిటికీలోంచి వస్తుంది, మాంసం కవరు కిటికీలోంచి పోతుంది. మధ్యాహ్నం కావస్తుండగా అలాంటిదే ఒక సంచి వచ్చింది.

"నాటుది," అన్నాడు నాగార్జున.

లచ్చయ్య సంచిలో చెయ్యి పెట్టి రెక్కలు దొరకబుచ్చుకున్నాడు. బరువైన పుంజు. మిగతా కోళ్లలా తన్నుకోలేదు. చేతికి ఒదిగి వచ్చింది. మనుషుల చేతికి అలవాటుపడ్డదేమో అనుకున్నాడు. మెడ తిప్పాడు. కోశాడు. డ్రమ్ములోకి విసిరాడు.

డ్రమ్ము చాలాసేపు మోగింది. బ్రాయిలర్ కోడి రెండు తన్నులు తన్ని చస్తుంది. నాటుపుంజు ప్రాణం అంత తొందరగా పోదు. డ్రమ్ము గోడలకు గోళ్లు గీరుకున్న చప్పుడు ఆగాక, లచ్చయ్య కాళ్లు పట్టి పైకి లాగాడు. బొటనవేలి కింద దారం తగిలింది.

తల వేలాడుతోంది. జుట్టు చివర, నెత్తురులో తడిసినా కరగని పసుపు.

పుంజును బండ మీద పెట్టాడు. కత్తి చేతిలోనే ఉంది. పక్క తలుపు తన్ని గల్లా ముందుకు వచ్చాడు. తూకం అవతల, గోడకు ఒదిగి, తల వంచుకుని నిలబడి ఉన్నాడు అంతయ్య.

లచ్చయ్య ఎడమచెయ్యి అతని గొంతు మీద పడింది. బొటనవేలు దవడ కిందికి దానంతట అదే పోయింది. మెడ పక్కకు తిరిగింది. రోజంతా చేసే పనే. గిరాకీలు చెల్లాచెదరయ్యారు. అంతయ్య చెప్పు ఊడింది, కాళ్లు నేల వదిలాయి, నోట్లోంచి నురగ వచ్చింది. కత్తి లేచింది. నాగార్జున ఆ మణికట్టు మీద తన ఒళ్లంతా వేసి వేలాడాడు. ఇద్దరు గిరాకీలు నడుము పట్టి లాగారు. అంతయ్య కింద పడి, రెండు చేతులతో గొంతు పట్టుకుని దగ్గాడు.

"కూసిందన్నా," అన్నాడు కింద నుంచే. గొంతు బొంగురుపోయింది. "నువ్వు పోయినంక నాలుగు కూతలు కూసింది. సార్ గంప ఎత్తి చూసిండు. సంచిల కట్టి చెరువుల పారెయ్ అన్నడు. లేకుంటే నీ గదికి తాళం, నా నౌకరికి తాళం."

"గీడికి ఎందుకు తెచ్చినవ్‌రా?"

"మొక్కుకోడి గద. చెరువుల ఎట్ల ఏస్త? ఎవనితోనో ఎట్ల కోయిస్త? మొక్కు నీది, నీ చేతులనే పోవాల్నని తెచ్చిన. ఎల్.బి. నగర్ కాడికెల్లి ఎన్ని షాపులు దాటుకుంట వచ్చిన్నో."

"నోరు లేదా? చెప్పొద్దా?"

"నీ ముంగటికి వచ్చే మొకం లేకుండె. సంచి ఇప్పినంక నువ్వే చూస్తవనుకున్న. ఇంట్ల పెంచుకున్న కోడిని ఎవడు గుర్తుపట్టడు?"

ఆ మాట అన్నందుకు అంతయ్యను లచ్చయ్య క్షమించలేదు. కత్తి తుడుచుకుని లోపలికి పోయాడు. పుంజును వేడినీళ్లలో ముంచలేదు. ముట్టనైనా లేదు. ఇంకో కోడిని పట్టాడు. నాగార్జునే పుంజును శుభ్రం చేసి, నల్ల కవరులో వేసి, మూతి ముడివేసి పట్టుకొచ్చాడు. అంతయ్య వద్దని చేతులు అడ్డంగా ఊపి, ఊడిన చెప్పు చేతపట్టుకుని బస్టాండు వైపు పోయాడు. లచ్చయ్య తల తిప్పలేదు. కవరు ఫ్రిజ్‌లోకి పోయింది.

సాయంత్రం గేటులోనే శ్రీరామమూర్తి ఎదురయ్యాడు.

"ఎవరికీ ఇబ్బంది లేకుండా పోయింది కదా," అన్నాడు.

లచ్చయ్య అతని మెడ వైపు చూశాడు. శ్రీరామమూర్తి ఎందుకో చేతిని కాలరు మీదికి పోనిచ్చుకుని పక్కకు జరిగాడు.

నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని లచ్చయ్య ఇంటి ఓనరుకు చెప్పాడు. ఆ వారంలోనే కాలనీ గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ చేరాడు. అంతయ్య ఎటుపోయాడో అతను కనుక్కోలేదు.

బోనాల ఆదివారం పొద్దున్నే పనిలోకి వచ్చిన లచ్చయ్యను చూసి నాగార్జున గల్లా వదిలి లేచాడు.

"ఊరికి పోతనని సెలవు అడిగినవ్ గదన్నా. మన దగ్గర నాటుపుంజులు దిగినయ్. మంచిది ఒకటి తీసుకపో."

"మొక్కింది దాన్ని."

"దేవత ఏమనుకోదన్నా. ఆమెకు పుంజే గద కావాలె."

"మొక్కిన మనిషి లేదు. మొక్కిన కోడి లేదు. గా ముచ్చట ఇయ్యాలటితో బందు. నువ్వు గాని, ఎవడు గాని మళ్ల నా ముంగట తీస్తే, నేను గీ కత్తి పట్టుకునే ఉంట."

అని లోపలికి పోయి గోనెసంచి నడుముకు కట్టుకున్నాడు. ఫ్రిజ్ అడుగున, మంచు గడ్డకట్టిన మూలలో, మూతి ముడి విప్పని నల్ల కవరు అలాగే ఉండిపోయింది.