జగదీశ్వర్ దండియాత్ర

ఆగస్టు పదిహేనుకు నారాయణఖేడ్‌లో ఉప్పు సత్యాగ్రహం ఆడించాలని జగదీశ్వర్‌కు బుద్ధి పుట్టింది. సముద్రాన్ని ఆయన టీవీలో చూసి ఉంటాడు. ప్లాట్ల వ్యాపారం ఉంది, ఎన్నికల్లో టికెట్టు మీద ఆశ ఉంది, ఇక త్యాగం ఒక్కటే తక్కువైంది. సర్కారు బడిలో సోషల్ చెప్తాను గనక నాటకం రాసే పని నా నెత్తిన పడింది.

నాయకుడి వేషం ఆయనదే. వెనక నడవడానికి కల్హేర్ వైపు నుంచి ఆటో నిండా ఆడవాళ్లను తెప్పించాడు. వాళ్లలో మణెమ్మ ఉంది. ఆమె చేనుకు పోయే బాటను తన ప్లాట్లలో కలుపుకుని, గేటు పెట్టి తాళం వేసింది ఈ మహానుభావుడే. చేలో పెసరకాయ ఎండి పగులుతోంది, తెంపడానికి పోదామంటే దారి లేదు. తహసీల్ ఆఫీసు ముందు ధర్నాకు కూర్చుంటామని ఆమె, ఆ బాట పోయిన తోటివాళ్లు అడిగితే అనుమతి ఇవ్వలేదు. నాటకానికి మాత్రం అక్కడే అనుమతి దొరికింది. జగదీశ్వర్ ఆమెను గుర్తే పట్టలేదు. పేదోళ్ల మొహాలు చూసే అలవాటు ఆయనకు ఎన్నడుంది?

రిహార్సల్లో నేను చెప్పాను. "ఉప్పు మీద పన్ను తియ్యాలని మొదలు కొంతమందే నడిచిన్రు. కొట్టినా తిరగబడలే, లెమ్మన్నా లేవలే. వాళ్లను చూసి దేశమంతా కదిలింది."

"కొట్టినా లేవలేదా సార్?" అని మణెమ్మ మళ్లీ మళ్లీ అడిగింది.

జెండా పండుగనాడు జగదీశ్వర్ చొక్కా విప్పి, పంచె కట్టి, కర్ర పట్టుకుని నడిచాడు. ఆఫీసు ముందు అందరూ కూర్చున్నారు. తెల్లవాళ్ల పోలీసు వేషం వేసిన సర్దార్ అనే అతను లాఠీ ఆడించాడు. ఫోటోలు కాగానే అందరికంటే ముందు లేచింది నాయకుడే.

ఆడవాళ్లు లేవలేదు.

"అయిపోయింది, లెవ్వుండ్రి. ఉప్మా చల్లారుతుంది," అన్నాడు జగదీశ్వర్.

"బాట ఇచ్చినంక తింటం," అంది మణెమ్మ.

"సర్దార్, లేపు వీళ్లను."

సర్దార్ టోపీ తీసి వాళ్ల పక్కనే కూర్చున్నాడు. "నా చేను గూడ అటే ఉంది పటేలా."

నాకు కడుపు నిండిపోయింది.

తహసీల్దార్ మెట్లు దిగి వచ్చాడు. చుట్టూ జనం ఫోన్లలో వీడియో తీస్తున్నారు. "దరఖాస్తు పెట్టుండ్రి, చూస్తా," అన్నాడు.

"చూసుడెందుకు సార్? గేటు తాళంచెవి గాయన మొలతాడుకే ఉంది," అంది మణెమ్మ.

పంచె మీద వేలాడుతున్న తాళంచెవిని ఊరంతా చూసింది. జగదీశ్వర్ రెండు చేతులా దాన్ని మూసుకున్నాడు. చొక్కా ఉంటే జేబులో దాచుకునేవాడు, పాపం. దాన్ని విప్పి మణెమ్మ చేతిలో పెట్టేదాకా అక్కడి నుంచి ఎవ్వరూ కదల్లేదు.