మూడో సీసా

ఉదయం 10.40కి కరీంనగర్‌లోని ఒక ఫిజిక్స్ ల్యాబ్‌లో రెండు సీసాల ద్రావణం ఎరుపు నుంచి నీలానికి మారింది. పరిశోధక విద్యార్థిని యుమ్నా వాటిలో స్వేదనజలం క్యాన్‌లోని నీళ్లు కలిపి అప్పటికి రెండు నిమిషాలు.

సీసాల్లో ఉన్నవి బంగారు నానోకణాలు. విడివిడిగా ఉంటే ద్రావణం ఎర్రగా కనిపిస్తుంది. నీళ్లలో లవణాలుంటే కణాలు అతుక్కుని, ద్రావణం నీలమవుతుంది. అతుక్కున్న కణాలు ఆమెకు పనికిరావు.

మర్నాడు తొమ్మిదికి హైదరాబాద్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర ఆమెకు గంట కేటాయించారు. మూడు నెలలు ఎదురుచూసిన గంట. తర్వాతి ఖాళీ థీసిస్ గడువు దాటాక ఉంది. మూడో సీసా ఒక్కటే మిగిలింది. దాన్నీ పల్చన చేయాలి. బస్సు మూడున్నరకు.

స్వేదనజలం క్యాన్‌లో లవణాలు కొలిచే మీటరు ముంచింది. 142. ఐదు దాటకూడదు.

"లస్మవ్వా, క్యాన్ల ఏం పోసినవ్?"

ల్యాబ్ ఊడ్చే లస్మవ్వ చీపురు ఆపింది. "అయిపోయినయని నిన్న నేనే నింపిన బిడ్డా. బోరు నీళ్లు గాదు, ప్లాంటు నీళ్లే. మనం తాగేటియి."

"తాగనీకి మంచియే. గీటికి గావు."

"గంత సోకు నీళ్లు యాడ దొరుకుతయే?"

యుమ్నా మీటరు సంచిలో వేసుకుంది.

12.15కి బస్టాండు వెనుక అబ్బాస్ బ్యాటరీ షాపు. బ్యాటరీల్లో పోసే స్వేదనజలం అక్కడ అమ్ముతారు. తెరిచి ఉన్న డబ్బాలో మీటరు 31 చూపింది.

"బండేది బేటీ?" అన్నాడు అబ్బాస్.

"బండి లేదు చాచా. బంగారంల పోయాలె."

"బంగారంలనా! నలభై ఏండ్ల సంది బ్యాటరీలల్లనే పోసి ఆగమైన."

సీలు తీయని డబ్బా ఇచ్చాడు. సీలు విప్పి ముంచితే మీటరు 2 చూపింది.

1.20కి మూడో సీసా నుంచి పది చుక్కలు విడిగా తీసి, ఆ నీళ్లు కలిపింది. రంగు మారదని తేలాలంటే గంట ఆగాలి. లస్మవ్వ తలుపు దగ్గర నిలబడింది.

"ఎట్లున్నది బిడ్డా?"

"జర ఆగు."

"నా వల్ల ఖరాబైతే సార్‌కు నా పేరే చెప్పు."

"ఆగమన్న గదా."

2.20కి చుక్కలు ఎర్రగానే ఉన్నాయి. మిగతాది పల్చన చేసి మూత బిగించింది. నోటుపుస్తకంలో రాసింది: నీళ్లు, అబ్బాస్ బ్యాటరీ షాపు, మీటరు 2.

మర్నాడు 9.40కి మైక్రోస్కోపు తెర మీద తొలి చిత్రం వచ్చింది. కణాలు విడివిడిగా ఉన్నాయి.