తోక తెగిన మాట

నాలో ఒక మంచి గుణం ఉంది. ఎదుటివాళ్ళకు చివరిదాకా మాట్లాడే శ్రమ ఇవ్వను. వాళ్ళు సగం చెప్పగానే మిగతా సగం నేనే పూర్తిచేస్తాను. ప్రొద్దుటూరులో ఇంత సాయం చేసే మనిషి ఇంకొకడు లేడని నా నమ్మకం. మా ఇంట్లోవాళ్ళు దీన్ని సాయం అనరు. వాళ్ళు వాడే మాట ఇక్కడ రాయను.

మా బావ శేషాద్రిది బట్టల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. పొద్దున్నే షట్టరు ఎత్తి, దేవుడి పటానికి ఊదుబత్తి వెలిగించి, ఆ తర్వాత హాల్లో ఉన్న అక్వేరియంలో చేపలకు మేత వేస్తాడు. ఆ ఇంట్లో మనిషికో చేప. మా అక్క సుధారాణిది గప్పీ. ఆమె కూతురు వైష్ణవిది పొడుగు రెక్కల ఏంజెల్. రోజూ వచ్చి కూర్చుంటానని నాకూ ఒక గౌరామిని కేటాయించారు. పులిచారల బార్బులు ఆరూ బావవే. ఆయనకు ఒకటి చాలదు.

ఎవరి చేప తోకను ఇంకో చేప కొరికితే వాళ్ళ మాటకు చివర తెగిపోతుంది. ఇది మా వీధిలో అందరికీ తెలిసిందే. గప్పీ తోక తెగినప్పుడు మా అక్క "అన్నం..." అని ఆగిపోయేది. ఉడికిందో, మాడిందో వంటింట్లోకి పోయి మేమే చూసుకునేవాళ్ళం. తోక మొలిచింది, మాట తిరిగి వచ్చింది. బార్బుల జోలికి ఏ చేపా పోదు కాబట్టి బావ మాట ఎప్పుడూ తెగలేదు. కొట్లో పనిచేసేవాళ్ళను "తోక కత్తిరిస్తా" అని బెదిరిస్తే అది వీధి చివరిదాకా పూర్తిగా వినపడేది.

ఈసారి బార్బులు ఏంజెల్ మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే జమ్మలమడుగు సంబంధం వచ్చింది. వైష్ణవి పులివెందులలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. పెండ్లయినాక ఆ పని మానెయ్యాలని వాళ్ళ షరతు. ఆ పిల్లకు ఆ పనంటే ప్రాణం. బావ అడిగితే సూటిగానే జవాబు చెప్పింది.

"నాకీ సంబంధం ఇష్టం..."

మన భాషలో వద్దన్నా, లేదన్నా మాట చివరే కదా ఉండేది. ఆ చివరే తెగింది.

"ఇష్టమంట బావా," అన్నాను.

పిల్ల తల అడ్డంగా ఊపింది. సిగ్గన్నాడు బావ. ఫోన్లో మెసేజ్ పెట్టింది. అదీ "ఇష్టం" దగ్గరే ఆగింది. తెగిన ముక్క 'ఉండాది' అనేదేనని బావ తేల్చేశాడు. తోక మొలిచేదాకా ఆగి అడగమంది మా అక్క. జమ్మలమడుగోళ్ళు ఆగరని వచ్చే నెలలో తాంబూలాలు పెట్టేశారు.

కనీసం చేపల కొట్లాటైనా ఆపమని మా అక్క నన్ను వేడుకుంది. నేను ఫోన్లో వీడియోలు చూసి, అవీ సగం సగమే చూసి, నాలుగు బార్బులు తీసేస్తే నాలుగు నోళ్ళు తగ్గుతాయని లెక్క చెప్పాను. నాలుగింటినీ పక్కింటివాళ్ళకు ఇచ్చేశాం. మిగిలిన రెండూ ఏంజెల్ తోకను మొదలుదాకా కొరికేశాయి. వైష్ణవి మాట "నాకీ..." దగ్గరికి వచ్చి నిలిచింది.

ఒక ఆదివారం ఆమెతో ల్యాబ్‌లో పనిచేసే మైమూన్ వచ్చింది. వాళ్ళింట్లోనూ చేపల తొట్టి ఉంది. మా తొట్టిలోకి తొంగిచూసి నవ్వింది.

"ఈ బార్బుల జతగాళ్ళను ఎవరు తీసేసినారు మామా? గుంపులో ఉంటే చానావరకు వాటిలో అవి తరుముకుంటాండె. ఇప్పుడు పొడుగు తోకలోళ్ళ మీద పడతాండాయి. నీ చేపను వేరే పెట్టుకో వైష్ణవీ."

తీసేసింది ఎవరో నేను చెప్పలేదు. వైష్ణవి ఏంజెల్‌ను తన గదిలో ఇంకో గాజుతొట్టిలో పెట్టుకుంది. గప్పీని కూడా తీసుకుపోయింది. నా గౌరామిని తీసుకుపోనా అని అడగలేదు. పెద్ద చేప, దానికేం కాదులే అనుకున్నాను. వైష్ణవి రోజూ తన తొట్టిలో కొన్ని నీళ్ళు మార్చేది, ఎవరినీ గదిలోకి రానిచ్చేది కాదు. ఏంజెల్‌కు సన్నటి పొరలాంటి తోక మెల్లగా మొలవసాగింది. ఆ పిల్ల మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

తాంబూలాల రోజు వచ్చింది. జమ్మలమడుగోళ్ళు తట్టల్లో టెంకాయలు, పండ్లు, పట్టుచీర పెట్టుకుని కూర్చున్నారు. పెండ్లికొడుకు మేనత్త పిల్ల నోటితో ఒక మాట వినాలంది.

"నాకీ సంబంధం ఇష్టం..." అని వైష్ణవి ఊపిరి తీసుకుంది.

బావ నా వైపు చూశాడు. నాకు అలవాటైన పనే. మా పిల్లకు ఇష్టం ఉండాది అని చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను.

"మా పిల్లకు..."

అంతే వచ్చింది. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ "మా పిల్లకు..." దగ్గరే ఆగింది. తొట్టి వైపు చూశాను. బార్బులు రెండూ నా గౌరామి తోకకు చెరోపక్క పట్టుకుని ఉన్నాయి. కొరకడానికి అందులో ఇంకెవరూ మిగల్లేదు మరి.

ఆ సందులో వైష్ణవి తన మాట ముగించింది.

"...లేదు."

మెల్లగానే అంది. మేనత్త తట్ట మీద గుడ్డ కప్పేసింది. ఆమే ముందు లేచి, "పిల్ల చెప్పింది వింటిరి కదా, పదండి," అంది. తట్టలు వచ్చిన దారినే పోయాయి.

వైష్ణవి ఇప్పటికీ పొద్దున్నే పులివెందుల బస్సెక్కుతుంది. బావ ఆమెతో మాట్లాడడు. ఆయన బార్బుల తోకలు మాత్రం చక్కగానే ఉన్నాయి. ఏంజెల్ ఇంకా ఆమె గదిలోనే ఉంది.

నా గౌరామికీ తోక మొలిచింది, నాకు మాటా వచ్చింది. ఒకరు మాట్లాడుతుంటే చివరిదాకా ఆగి వినడం మటుకు ఇంకా రాలేదు.