పుల్లల వంతెన మీద గడ్డిమోపు

ఉదయం తొమ్మిదింటికి ప్రసూన ల్యాబు తలుపు తీసేసరికి, బల్ల మీద ఆమె బ్యాచి కట్టిన ఐస్‌క్రీం పుల్లల వంతెన కింద కాలువ పారుతోంది. నీళ్ళు బల్ల అంచు దాకా వచ్చి, బుద్ధిగా వెనక్కి తిరుగుతున్నాయి. ప్రసూన బ్యాగు తడవకుండా కిటికీలో పెడుతుంది. పదకొండింటికి ఫైనలియర్ ప్రాజెక్టు వైవా.

వంతెన ఈ చివర బొటనవేలంత మనిషి నిలబడి ఉంది. నెత్తి మీద గడ్డిమోపు. తన పేరు పల్లాలమ్మ అనీ, అవతలి గట్టున ఈనిన గేదె నిన్నట్నించీ పస్తు ఉందనీ ఆవిడే చెబుతుంది.

"మోపు పట్టట్లేదమ్మా ఇంజినీరమ్మా."

పట్టదు మరి. రెండు పక్కలా నిలువెత్తు కమ్మీలు, పైన అడ్డకమ్మీలు. బోనులా ఉంటే బరువు బాగా మోస్తుందని అలా కట్టారు. పరీక్షకి పెడితే నలభై ఇటుకలు మోసింది కూడా. వెడల్పు ఎంతుండాలో మాత్రం నెట్‌లో చూశారు. ఈ వంతెన ఏ ఊరి కాలువ కోసమో ఆ ఊరు కాలేజీకి ఆరు కిలోమీటర్లే. ఒక్కరూ వెళ్ళి చూసిన పాపాన పోలేదు. మనిషిని కొలిచారు గానీ, మనిషి నెత్తిన ఉన్నదాన్ని కొలవలేదు. ప్రసూనకి సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

"మోపు దింపి దాటకూడదాండీ?"

"దింపితే మళ్ళీ ఎత్తేదెవరమ్మా? గేదె ఎత్తుద్దా?"

నీళ్ళు పెరుగుతున్నాయి. వరద వంతెన పైదాకా వస్తుందని వాళ్ళ ప్రాజెక్టు రిపోర్టు పద్నాలుగో పేజీలో ఉంది. పోయినేడాది సీనియర్ల దాంట్లోంచి చూసి దించిన అంకె అది. ప్రసూన పెన్ను తీసి దాన్ని కొట్టేస్తుంది. వరద ఆగదు. గైడు సంతకం పడ్డ కాగితమాయె, దాని మాటే చెల్లుతుంది.

ఇక లాభం లేదని హాక్సా బ్లేడు అందుకుంటుంది.

అప్పుడే వచ్చిన బ్యాచిమేటు చక్రధర్ గుండెలు బాదుకుంటాడు. "కూర్చున్న కొమ్మే నరుక్కుంటావేంటే! పై కమ్మీలు పోతే వంతెన నిలబడదు. మార్కులు గంగలో కలుస్తాయి."

"ఇటుకలు గట్టు దాటక్కర్లేదు చక్రీ. ఈవిడ దాటాలి."

కోస్తుంది. అడ్డకమ్మీలు నీళ్ళలో పడి కొట్టుకుపోతాయి. అన్నట్టుగానే రెండు పక్కలూ బయటికి ఒరుగుతాయి. ప్రసూన తన రెండు చేతులూ చెరో పక్కా ఆనించి పట్టుకుంటుంది. నీళ్ళ తడికి జిగురు మళ్ళీ పచ్చిబడింది, చేతులు పుల్లలకి అతుక్కుపోతాయి. వరద పెరిగినకొద్దీ ప్రసూన వంతెనని అంగుళం అంగుళం పైకెత్తుతుంది. భుజాలు పీకేస్తున్నాయి. కదిలితే ఒట్టు అనుకుంటుంది.

పల్లాలమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ దాటుతుంది. అవతల గేదె గడ్డి నములుతున్న చప్పుడు వినిపిస్తుంది. ప్రసూన కళ్ళు తడుస్తాయి, సంతోషమే.

వెనకే ఇంకా వస్తున్నారు. తలుపు రెక్క మోస్తూ ఒకతను. నొప్పులు పడుతున్న మనిషిని మంచంతో సహా ఎత్తుకుని నలుగురు. మంచం కోసం ప్రసూన చేతులు ఎడం చేస్తుంది. పుల్లలు విరగకుండా సాగుతాయి.

పదకొండింటికి వైవా తీసుకునే ఎక్స్‌టర్నల్ సారు లోపలికి వస్తారు. "ఎంత లోడు తట్టుకుంటుందమ్మా?"

"తెలీదు సార్. ఇంకా వస్తున్నారు."

ఆయన సరేనన్నట్టు తలూపి, బూట్లు విప్పి, తన కోసం వేసిన కుర్చీని నెత్తికెత్తుకుంటారు. బల్ల దగ్గరికి వచ్చేకొద్దీ చిన్నవారై, వరసలో చివర నిలబడతారు. కుర్చీ కాళ్ళు నాలుగూ ఎక్కడ తగులుతాయో చూసుకుని, ప్రసూన చేతులు ఇంకో వేలెడు ఎడం చేస్తుంది.