గోడ మీద అరవై ఒకటి

దొర పొద్దున్నే పెరట్లో నడుం వంచగానే ఆమె పాత పేపరు పట్టుకుని వెనకే నిలబడాలి. కాస్త ఆలస్యమైతే వాడు గిరుక్కున తిరిగి, వేసింది వేసినట్టే తినేస్తాడు. దొర అంటే మనిషి కాదు, కుక్క. చెవులు నిక్కబొడుచుకుని, మెడ నిండా జూలుతో, చూస్తే దొరలాగే ఉంటాడు. ఆ జూలు కింద ఉన్నవి ఎముకలేనని వాడి ఒంటి మీద చెయ్యి వేసినవాళ్ళకే తెలుస్తుంది. ఆ ఇంట్లో చెయ్యి వేసేది ఆమె ఒక్కతే. పేపరులో పడేది పసుపూ బూడిదా కలిసిన రంగులో, నూనె తేలుతూ, తిన్నదానికి రెట్టింపు ఉండేది. వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు, పక్కింటివాళ్ళ కిటికీ రెక్కలు ధడాల్న పడేవి.

వాణ్ణి తెచ్చింది ఆమె భర్త. మేకులు, తీగలు, గొలుసులు తూకానికి అమ్మే ఇనపసామాను కొట్టు అతనిది. "కొట్టు ముందు ఇలాంటిదొకటి ఉంటే బేరమాడేవాడు కాస్త తగ్గుతాడు" అని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాడు. బలంగా ఉన్నన్నాళ్ళూ అది "మా దొర". వచ్చినవాళ్ళందరికీ చూపించుకున్నాడు. విరేచనాలు మొదలైన రోజు నుంచి "నీ కుక్క" అయిపోయింది. సరుకు బాగున్నప్పుడు దుకాణం అతనిది, పుచ్చిపోయాక ఏరి పారేసే పని ఆమెది. పద్నాలుగేళ్ళుగా కొట్టులో తూకం దగ్గర నిలబడుతున్న ఆమెకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

పశువుల డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పొట్టలో క్లోమమనే గ్రంథి ఉంటుంది. తిన్నదాన్ని కరిగించే రసం అక్కడ ఊరాలి. దొరకి ఊరడం లేదు. గిన్నెడు తిన్నా పస్తే. ఇది నయమయ్యేది కాదు గానీ, బతికినన్నాళ్ళూ కనిపెట్టుకుని ఉంటే మామూలుగానే బతుకుతాడు. ఆ రసానికి బదులు ఒక పొడి ఉంది. ప్రతి పూటా తిండిలో గోరువెచ్చని నీళ్ళతో కలిపి, ఇరవై నిమిషాలు నాననిచ్చి పెట్టాలి. తోలు తీసిన కోడిమాంసం ఉడకబెట్టి, మెత్తటి అన్నంతో రోజుకి మూడు పూటలు. నూనె చుక్క తగలకూడదు. వారానికోసారి విటమిన్ సూది, అది ఇంట్లోనే వేసుకోవచ్చు.

"మనుషులకే ఇంత వైభోగం లేదు" అన్నాడు భర్త, పంటి సందులో పుల్ల తిప్పుకుంటూ. "ఎనిమిది వారాలు చూస్తా. ఇప్పుడు పందొమ్మిది కిలోలున్నాడు. పెరిగితే సరి, లేకపోతే ఒక్క సూదితో పీడా వదిలించేద్దాం. బాధ పడుతుంటే చూస్తూ కూర్చోవడం కూడా పాపమే కదా!" పుల్లకి అంటుకున్నదాన్ని ఒకసారి చూసుకుని మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

తూకం పని కొట్టులో, ఆదివారం ఆదివారం. ఇనప కాటా పలక మీద దొర నిలబడడు. గోళ్ళు జారతాయి, వణుకుతాడు. అందుకని ఆమె వాణ్ణి ఎత్తుకుని కాటా ఎక్కుతుంది, భర్త అంకె చూసి అందులోంచి ఆమె బరువు తీసేస్తాడు. కాటా పైన గోడ మీద డబ్బాల ఖాళీ బరువులు సున్నంతో రాసి ఉంటాయి, మేకులు తూచినప్పుడల్లా చూసుకోవడానికి. నీలం డబ్బా రెండు, చదరం డబ్బా మూడున్నర, పెద్ద బకెట్టు నాలుగు. మొదటి ఆదివారం ఆమెని ఒంటరిగా ఎక్కించి, ఆ వరస కిందే "ఆవిడ 61" అని రాశాడు. వచ్చినవాళ్ళు చూసి నవ్వారు. అతనూ నవ్వాడు. ఆమె మేకుల పొట్లం కడుతూ తల వంచుకుంది.

ఇక రోజుల లెక్క. పూటకి ఇరవై నిమిషాలు గిన్నెకి కాపలా. వదిలిపోతే దొర మూత తోసేసి, పొడి నానకముందే మింగేస్తాడు, నోరు పొక్కుతుంది. మూడు పూటలకి గంట. మాంసం ఉడకబెట్టడం, తేలిన కొవ్వు తీసెయ్యడం, ఎత్తడం, కడగడం కలిపితే ఇంకో రెండు గంటలు. వంటకో, కొట్టుకో, నిద్రకో ఆ మూడు గంటలు ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. వంటకి పెడితే అత్తగారు ఊరుకోదు. కొట్టుకి పెడితే భర్త ఊరుకోడు. నిద్ర నోరులేనిది కాబట్టి కోత దానికే పడింది. ఆమె తిండికి కోత పెట్టింది మాత్రం ఆమె కాదు.

"ఆ చేతులతో నా పక్కన కూచోకు అమ్మాయ్, కడుపులో తిప్పుతోంది" అంది అత్తగారు రెండో రోజే.

"సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను అత్తయ్యా."

"కడుక్కున్నా కళ్ళముందు మెదుల్తుందిగా. నువ్వు తర్వాత తిను."

అత్తగారి పళ్ళెంలో ఉన్నది ఆ చేతులే వండినవి. వండటానికి పనికొచ్చిన చేతులు పక్కన కూర్చుని తినడానికి పనికిరాకపోవడం చూసి ఆమెకి మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత ఆమె ముక్కు కూడా అత్తగారి వైపే చేరింది. ముద్ద నోటిదాకా వచ్చేసరికి పెరడు గుర్తొచ్చేది. రెండు ముద్దలు తిని పళ్ళెం కడిగేసేది. అందరూ లేచిపోయాక తినే మనిషి ఎంత వదిలేసిందో చూడటానికి అక్కడెవరుంటారు?

నాలుగో వారానికి పేపరులో పడేది మారింది. గట్టిపడింది. రంగు తిరిగింది. రోజుకి ఆరుసార్లు వెళ్ళేవాడు మూడుకి దిగాడు. ఒక రోజు దొర తను వేసినదాన్ని వాసన చూసి, తినకుండా వచ్చేశాడు. ఆ పొద్దు ఆమె పేపరు మడుస్తూ నవ్వింది. పెంటలో ఉన్న నిజాయితీ మనుషుల్లో లేదనిపించింది. లోపల ఏం జరిగిందో అదే బయటికి చూపిస్తుంది.

కానీ కాటా ఒప్పుకోలేదు. ఆ ఆదివారం ఇద్దరికీ కలిపి డెబ్భై తొమ్మిదిన్నర. "పద్దెనిమిదిన్నర" అన్నాడు భర్త. "అరకిలో పోయింది."

"వాడికి నయమవుతోందండీ. విరేచనం గట్టిపడింది. ఓసారి పక్కటెముకలు తడిమి చూడండి."

"ఛీ, నేను తడమాలా? పెంట చూసి జాతకం చెప్పకు. నువ్వు అబద్ధం చెబుతావేమో, కాటా చెప్పదు."

అదే రాత్రి భోజనాల దగ్గర వేయించిన కోడి తోలు ముక్క ఒకటి దొరకి విసిరాడు, "పోనీలే, పోయేవాడు రుచైనా చూడనీ" అని. రెండు రోజులు పెరడు మళ్ళీ కంపు కొట్టింది. "చూశావా, నీ వైద్యం!" అన్నాడు, తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

ఎనిమిదో ఆదివారం డెబ్భై ఎనిమిది. "పదిహేడు" అని భర్త చేతులు దులుపుకున్నాడు. "రేపు పొద్దున్నే వెళ్దాం. ఇంక మాట్లాడకు." ఆ సాయంత్రం ఆమె దొర పక్కటెముకలు మళ్ళీ మళ్ళీ తడిమింది. వేలికి కండ తగులుతోంది. అయినా ఆమెకే అనుమానమొచ్చింది, నేనే భ్రమ పడుతున్నానేమోనని. పద్నాలుగేళ్ళుగా రోజూ తూచే చేతుల్ని కాటా మాట మీద తనే నమ్మలేకపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దొర పాత బరువు రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని, "ముందు బరువు చూడాలి, మందు దాన్నిబట్టే" అంది. అక్కడి కాటా నేలకి సమంగా ఉంది, మీద రబ్బరు పట్టా. దొర తనంతట తనే నడిచి వెళ్ళి దాని మీద నిలబడ్డాడు.

"ఇరవై మూడు" అంది డాక్టరమ్మ. కాగితం చూసింది. మళ్ళీ కాటా చూసింది. "నాలుగు కిలోలు పెరిగినవాణ్ణి ఎందుకు తీసుకొచ్చారండీ?"

"మీ కాటా పాడైనట్టుంది" అన్నాడు భర్త. "ఇరవై ఏళ్ళ నుంచి తూకాలతోనే బతుకుతున్నానండీ, నాకు చెప్పకండి. కావాలంటే సరిచూద్దాం." ఆమె వైపు తిరిగాడు. "ఏయ్, నువ్వెక్కు. ఈవిడ అరవై ఒకటండీ. కరెక్టుగా అరవై ఒకటి."

ఆమె చెప్పులు విడిచి ఎక్కింది.

యాభై అయిదు.

"చూశారా! ఆరు కిలోలు తప్పు!"

డాక్టరమ్మ తనే ఎక్కి చూసుకుంది. "నాది అరవై ఎనిమిది. నిన్నా ఇంతే, మొన్నా ఇంతే. కాటా బాగానే ఉందండీ." ఆమెని తేరిపార చూసింది. "ఈమెని మళ్ళీ ఎప్పుడు తూచారు?"

భర్త వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. ఇరవై మూడూ యాభై అయిదూ డెబ్భై ఎనిమిది. లెక్క తేలింది. ఆ ముఖంలో ఇంకేదైనా తేలుతుందేమోనని ఆమె కాసేపు ఎదురుచూసింది. ఎనిమిది వారాలు ఒకే కప్పు కింద, ఒకే మంచం మీద ఉన్న మనిషి.

"అంటే" అన్నాడు అతను, "గోడ మీద అంకె మార్చాలన్నమాట."

తర్వాత అతనికి హుషారొచ్చేసింది. "బతికిపోయావురా దొరా! నా పెంపకమా మజాకా!" అంటూ సెల్‌ఫోను తీసి, కుక్క పక్కన వంగి, మొదటిసారి దాని మెడ మీద చెయ్యి వేశాడు. "అడ్డు జరుగు, నువ్వు పడుతున్నావు ఫొటోలో." ఫొటో అయ్యాక ఆ చెయ్యి ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకున్నాడు.

ఆమెకి రోత పుట్టింది. ఇన్నాళ్ళూ పెరట్లో వంగినప్పుడల్లా పుట్టింది గానీ, ఇలా కాదు. అది కడిగితే పోయే కంపు. దీనికి సబ్బు లేదు.

"అమ్మా, మీరు సరిగ్గా తింటున్నారా?" అని డాక్టరమ్మ మెల్లిగా అడిగింది. ఆమె పొడి డబ్బాలు రెండు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది, దొర తాడు చేతికి చుట్టుకుంది.

బయట భర్త కారు తలుపు తీశాడు. "త్వరగా ఎక్కు, కొట్టు తెరవాలి."

"మీరు వెళ్ళండి."

"ఏంటి?"

"నాకు ఆకలేస్తోంది."

రోడ్డుకి అటువైపు చిన్న హోటలు ఉంది, బయట రెండు బల్లలు. ఆమె రోడ్డు దాటి, తాడు బల్ల కోడుకి కట్టి, కూర్చుని పళ్ళెం అన్నం చెప్పింది. పొగలు కక్కుతూ వచ్చింది. కారు హారను మోగింది. అలవాటు కొద్దీ ఒళ్ళు లేవబోయింది. ఆమె లేవలేదు. దొర ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో పక్క ఊళ్ళో ఉన్న అక్కకి ఫోను చేసింది.

"అక్కా, మీ వెనక గది ఖాళీగానే ఉందా?"

"ఉందే. ఎవరొస్తున్నారు?"

"నేనూ, దొరా."

"ఎన్నాళ్ళకే? అతనూరుకుంటాడా? ఏమైందో చెప్పు ముందు!"

హారను మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా.

"అన్నీ చెప్తానక్కా" అంది ఆమె, పెద్ద ముద్ద కలుపుకుంటూ. "ముందు నన్ను తిననీ."