బరువు చూసి కొన్న హెడ్‌ఫోను

నూకరాజు చేతిలో మొదట ఉన్నవి ఏడు వందల రూపాయలు, ఒక చెడిపోయిన కాసెట్టు, అమ్మవారి సంబరానికి రెండు వారాల గడువు. వ్యాపారం చేసేవాడికి ఇది తక్కువేమీ కాదు. ఇంతకంటే తక్కువతో బిలాస్‌పూర్‌లో లేచిన కొట్లున్నాయి. ఇంతకంటే ఎక్కువతో మునిగినవీ ఉన్నాయి.

వలస వచ్చిన తెలుగు కుటుంబాలుండే రైల్వే కాలనీని ఆనుకుని బుధవారీ బజార్‌లో అతనికి కాసెట్లు రికార్డు చేసి అమ్మే కొట్టు ఉంది. తండ్రి కాలంలో అది చింతపండు కొట్టు. విజయనగరం నుంచి బస్తాలు దిగేవి. తండ్రి పోయాక నూకరాజు అవే అరల్లో కాసెట్లు పేర్చాడు. వానాకాలం వస్తే కాసెట్ల మీద ఇప్పటికీ పులుపు వాసన లేస్తుంది. తండ్రి దగ్గర నేర్చినది కూడా పోలేదు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు అరచేతిలో రెండుసార్లు ఎగరేసి బరువు చూస్తాడు. పెళ్లిచూపుల్లో ఇచ్చిన కాఫీ గ్లాసును కూడా అలాగే చూశాడని భార్య సౌభాగ్య నేటికీ దెప్పుతుంది.

ఏటేటా సంబరానికి శ్రీకాకుళం వైపు నుంచి తప్పెటగుళ్ల దళం వస్తుంది. ఆ ఆటా పాటా రికార్డు చేసి, నకళ్లు తీసి, కాలనీలో ఇంటింటికీ అమ్మడం నూకరాజుకు ఏడాదికొక్కసారి పండే పంట. తెలుగు చదవడం రాని పిల్లలున్న ఇళ్లలో కూడా ఆ కాసెట్టు మోగుతుంది. కిందటేడు మాత్రం పంటకు పురుగుపట్టింది. జనరేటరు రొద మైకులోకి దూరి, పాట పొడుగునా ఈగలు ముసిరినట్టు గుయ్‌మని వినబడింది. అరవై మంది తెచ్చి మొహాన కొట్టారు. తీసుకున్న డబ్బు తిరిగివ్వాల్సి వచ్చింది.

సంబరం కమిటీకి పెద్ద జగన్నాథం. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైనా గొంతు రిటైరవలేదు. ఆయన కొట్టు ముందు నిలబడి చెప్పాల్సింది చెప్పేశాడు.

"ఒరే నూకరాజూ, ఈపాలి కూడా ఈగల మోతే అయితే నీకూ మాకూ సెల్లు. ఆర్డరు సదర్ బజారోడికి ఇచ్చేస్తాను. మన తెలుగోడివని ఎన్నాళ్లు ఈగల్ని మింగమంటావు?"

"ఈపాలి అలా అవదు బాబాయ్."

"కిందటేడూ ఇదే మాట. ఆ మాట రికార్డు సేసి ఉంటే బాగా వచ్చుండును."

తప్పు ఎక్కడుందో నూకరాజుకు తెలుసు. రికార్డు అవుతున్నప్పుడు ఏం పడుతోందో అతనికి వినబడదు. స్పీకరు పెట్టి విందామంటే మైకు ఊళ పెడుతుంది. చెవులకు తగిలించుకునే మంచి హెడ్‌ఫోను ఉంటే, రొద మొదలైన క్షణంలోనే పట్టుకోవచ్చు. కానీ మంచిది అంటే ఏది?

ముందు సదర్ బజార్‌కు వెళ్లాడు. అక్కడి రేడియోల కొట్టు సేఠ్ గల్లాపెట్టె పక్కన మేకుకు వేలాడుతున్న హెడ్‌ఫోను తీసి అందించాడు. అది చూపించడానికి పెట్టిన సరుకు. వచ్చినవాడల్లా పెట్టుకుని విన్నదే. చెవి దిండ్లు నల్లగా జిడ్డు కట్టి, ఒకచోట నురుగు చిట్లి, అందులో ఎవరిదో వెంట్రుక ఇరుక్కుని ఉంది. ఆవనూనె కంపు. నూకరాజు జేబురుమాలు అడ్డం పెట్టి తగిలించుకున్నాడు. జేబులోని చెడిపోయిన కాసెట్టు తీసి ఇది వెయ్యమన్నాడు. బియ్యం కొనేవాడు రాయి కోసం చూస్తాడు గాని తెలుపు కోసం చూడడు కదా. కాసెట్టు తిరిగింది. ఈగలు ముసిరాయి. ఆ ఈగల వెనక దళం కాలిగజ్జెలు విడివిడిగా వినబడ్డాయి, ఎవరో దగ్గారు, దూరంగా గూడ్సు బండి కూత వేసింది. తన సరుకులో ఇంత చెత్త ఉందని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఇలాంటిదే కావాలి. ఎంత?"

సేఠ్ సీలు వేసిన అట్టపెట్టె ఒకటి తీశాడు. ఆరువందల యాభై. "అదే మాల్, భయ్యా."

"తెరవండి. విని తీసుకుంటాను."

"సీల్ విప్పితే ఎవరు కొంటారు? మాల్ అదే అన్నాను కదా."

నూకరాజు పెట్టెను అరచేతిలో ఎగరేశాడు. తేలిక. మేకుకు వేలాడేదాన్ని ఎగరేశాడు. బరువు. సంగతి అర్థమైంది. వినిపించేది ఒకటి, అమ్మేది ఒకటి. వడ్లకొట్టులో గుప్పెట్లో పోసి చూపించే గింజ వేరు, బస్తాలో గింజ వేరు. అంత మంచి బట్టలేసుకున్న సేఠ్‌కు ఈ నీచపు బుద్ధేమిటని వెగటు పుట్టి బయటికొచ్చేశాడు.

ఇంటి దగ్గర బావమరిది సూర్యం కూర్చుని పకోడీలు తింటున్నాడు. లోకో షెడ్డులో ఖలాసీ. చేతిలో ఎప్పుడూ నాలుగు పథకాలుంటాయి, జేబులో నాలుగు రూపాయలుండవు.

"సదర్ బజార్ ఎందుకు బావా, సెప్పి ఉంటే నేను తెప్పించీవోణ్ని కాదా? హౌరా బండి పేంట్రీ కారోళ్లు నా మాట కాదనరు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో జపాన్ సరుకు సింతపండులా పోసి అమ్ముతారట."

"ఎంతవుద్ది?"

"నీ కాడ ఆరొందలు తీసుకుంటే పాపం తగులుద్ది. నాలుగొందల యాభై ఇయ్యి."

లైను మీద తెప్పించుకోవడం కాలనీలో తాతల నాటి అలవాటు. కలకత్తా గడియారం, నాగపూర్ నారింజలు, విశాఖ ఎండుచేపలు అన్నీ ఎవరో ఒకరి డ్యూటీ మీద వస్తాయి. దానికి ఒక మర్యాద ఉంది. తెచ్చినవాడి ఎదుట పెట్టె విప్పి పరీక్షించకూడదు, బేరం ఆడకూడదు, బాగులేదని తిప్పి ఇవ్వకూడదు. పైగా టీ ఇచ్చి బాగుందనాలి. పరాయి సేఠ్ దగ్గర సీలు విప్పమన్న నూకరాజు, ఇంటి గుమ్మంలో నోరెత్తకుండా నాలుగు వందల యాభై లెక్కపెట్టి ఇచ్చాడు.

నాలుగో రోజున సూర్యం తెచ్చాడు. పెట్టె లేదు, చెకింగులో పట్టుకుంటారని పారేశారట. నల్లగా నిగనిగలాడుతోంది, పక్కన ఇంగ్లీషులో ఏదో చెక్కి ఉంది. నూకరాజు అరచేతిలో ఎగరేశాడు. సదర్ బజార్‌లో మేకుకు వేలాడేదానికంటే బరువు.

"మంచి సరుకు," అన్నాడు. సౌభాగ్య టీ ఇచ్చింది. సూర్యం తాగి వెళ్లిపోయాడు.

తర్వాత చెడిపోయిన కాసెట్టు వేసి విన్నాడు. ఈగలు లేవు! గజ్జెలూ లేవు, దగ్గూ లేదు. కంబళి కప్పుకుని పక్కవీధిలోంచి వింటున్నట్టు ఉత్త దుబదుబ. కాసేపటికి చెవులు వేడెక్కాయి, దానితో పాటే కంపు లేచింది. కుళ్లిన నూనె కంపు. హెడ్‌ఫోను తీసి బల్ల మీద పడేశాడు.

సౌభాగ్య వచ్చి ముక్కు ముడిచింది. వాసన చూసింది. ఇంకోసారి చూసి మొహం పాలిపోయి కూర్చుంది.

"ఏటే?"

"ఏటేటండీ! ఇది షెడ్డు పీచు. ఇంజన్లు తుడిసే దూదిపీచు. మా నాన్న బట్టల్లో ఇరవై ఏళ్లు ఉతికినాను, నాకు తెలవదా?"

దిండు కుట్టు విప్పింది. లోపల నురుగు లేదు. గ్రీజు పట్టిన పీచు ఉండలు ఉండలుగా బయటపడింది. నూకరాజు స్క్రూలు విప్పాడు. బఠాణీ గింజంత స్పీకరు, దాని చుట్టూ తారు పోసి అంటించిన ఇనుప వాషర్లు. ఒక్కోవైపు ఆరేసి. వాటిని చూస్తూ ఉంటే, కూరలో బొద్దింక కనబడ్డవాడిలా ఒళ్లు జలదరించింది. బరువంతా అదే. అతని తండ్రి ఇచ్చిన విద్య ఖరీదు పన్నెండు వాషర్లు.

సౌభాగ్య కబురు పెడితే సూర్యం వచ్చాడు. కాసేపు కలకత్తావాళ్లను తిట్టాడు. అక్క పీచు తీసి ఒళ్లో పడేసింది. సూర్యం సిగ్గు లేకుండా నవ్వాడు.

"ఏటి సేయను బావా? ఈ ఊళ్లోనే, వ్యాపార్ విహార్‌లో ఎనభై రూపాయలకి దొరికింది. మరీ తేలిగ్గా ఉంది. నువ్వు ఎగరేసి సూస్తావని నాకు తెలుసు కదా!"

"మిగతా డబ్బులేవిరా?"

"పాత స్కూటరుకి బయానా కట్టీసినాను. స్కూటరొస్తే నీ సరుకు నేనే మోస్తాను, సరేనా?"

"ఛీ! నా తోడబుట్టినోడివేనా నువ్వు?" అంది సౌభాగ్య. "లెగు. ఆ టీ గ్లాసు కడిగీసి మరీ ఎల్లు."

సూర్యం నిజంగానే గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు. ఆ బుద్ధిమంతుడి వాలకం చూసి నూకరాజుకు ఇంకా రోత పుట్టింది.

మిగిలింది రెండు వందల యాభై. గడువు సగం పోయింది. రాత్రంతా కూడికలు తీసివేతలు చేస్తే ఒక్క సంగతి తేలింది. బిలాస్‌పూర్‌లో తను చెవులారా విన్న మంచి సరుకు ఒక్కటే ఉంది. అది సదర్ బజార్‌లో మేకుకు వేలాడుతోంది.

మర్నాడు వెళ్లేసరికి కొట్టులో ఒక ముసలాయన ఉన్నాడు. బెల్తరా అనే పల్లె నుంచి వచ్చిన బడిపంతులు, ఖాదీ సంచీ, దుమ్ముపట్టిన చెప్పులు. మేకుకు ఉన్నది చెవులకు పెట్టుకుని, కళ్లు మూసుకుని భజన వింటున్నాడు. మొహంలో పసివాడి సంతోషం. ఇంట్లో భార్య మంచం పట్టి ఉందట, రేడియో చప్పుడు ఆవిడకు పడదట. అందుకని ఆవిడ చెవులకు పెట్టి మెల్లగా భజనలు వినిపిద్దామని ఆరునెలలు కూడబెట్టుకుని వచ్చాడు. సేఠ్ సీలు పెట్టె తీసి ఆయన ముందు పెట్టాడు.

నూకరాజు దగ్గరికి జరిగి, కొట్టంతా వినబడేలా హిందీలో అన్నాడు. "సేఠ్‌జీ, మాస్టారికి ఆ పెట్టె విప్పి ఒకసారి వినిపించండి. రెండూ ఒకటే మాల్ అన్నారు కదా?"

పంతులు చెవులు ఇంకా భజనలోనే ఉన్నాయి. సేఠ్ మొహంలో రంగు మారింది. నూకరాజు భుజం మీద చెయ్యివేసి, సొంత తమ్ముణ్ని తీసుకెళ్లినట్టు లోపలి గదిలోకి తీసుకెళ్లాడు.

"ఏం కావాలి?"

"మేకుకు ఉన్నది."

"అది అమ్మేది కాదు."

"అయితే మాస్టారికి పెట్టె విప్పి చూపిద్దాం పదండి."

సేఠ్ పళ్లు కొరికాడు. "ఎంతిస్తావు?"

"రెండు వందల యాభై."

"తీసుకుపో. ఆయన వెళ్లేదాకా ఇక్కడే కూర్చో. నోరు తెరవకు."

నూకరాజు కూర్చున్నాడు. సగం తెరిచిన తలుపులోంచి, పంతులు నోట్లు ఒక్కొక్కటే తడి చేసి లెక్కపెట్టడం కనబడింది. లేచి ఒక్కమాట అంటే చాలు. అంటే బేరం పోతుంది, బేరం పోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు పోతే కొట్టు అద్దెకు కూడా చింతపండే మళ్లీ అమ్ముకోవాలి. కూర్చున్నాడు. పంతులు పెట్టెను సంచీలో పెట్టుకుని, సేఠ్‌కు దండం పెట్టి వెళ్లిపోయాడు. వెనక గదిలో సేఠ్ తమ్ముడిలా కూర్చున్నవాడికి నోట్లో చేదు ఊరింది.

ఇంటికి తెచ్చిన సరుకును సౌభాగ్య చేత్తో ముట్టలేదు. చీపురుపుల్లతో లేవదీసింది.

"ఊరందరి తలనూనె తెచ్చి పెట్టినారేటండీ!"

నూకరాజు దిండ్లు ఊడబీకాడు. నురుగులోంచి చుండ్రు, గుబిలి, వక్కపొడి రాలాయి. కుంకుడు రసంతో మూడుసార్లు తుడిచాడు, స్పిరిట్ పెట్టి తుడిచాడు. సౌభాగ్య పాత నూలుచీర చింపి కొత్త దిండ్లు కుట్టింది. అయినా చెవికి పెట్టుకోగానే ఆవనూనె పలకరించేది.

సంబరం నాడు అదే పెట్టుకుని మైకు దగ్గర కూర్చున్నాడు. దళం మొదలుపెట్టగానే ఈగలు వచ్చాయి. వెంటనే పట్టుకున్నాడు. సీరియల్ బల్బుల తీగ మైకు తీగ మీదుగా పోతోంది, దాన్ని తప్పించాడు. జనరేటరును ఇంకా దూరం ఈడ్పించాడు. ఈగలు పోయాయి. దళంవాళ్ల గుండెల మీద రేకు తప్పెట్లు, చేతులు, గజ్జెలు వేటికవి శుభ్రంగా పడ్డాయి. ఆ శుభ్రంలోనే, వెనక వరసలో జగన్నాథం ఎవరితోనో అంటున్న మాట కూడా చెవిలో పడింది. "బాగా వస్తే మనోడు, రాపోతే సదర్ బజారోడు. మనకేటి?"

నూటయాభై కాసెట్లూ అమ్ముడుపోయాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు. జగన్నాథం తన పాత టేపురికార్డరులో విని, "కిందటేటికీ దీనికీ పెద్ద తేడా ఏటుందిరా? కాసెట్టుకి రెండ్రూపాయలు తగ్గించుకో," అన్నాడు. తగ్గించాడు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం కొట్టు ముందు ఖాదీ సంచీ ఆగింది. బెల్తరా పంతులు. ఆయన నూకరాజును గుర్తుపట్టలేదు. సంచీలోంచి హెడ్‌ఫోను, ఒక భజన కాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"భయ్యా, కొట్టులో విన్నప్పుడు అమృతంలా ఉంది. ఇంటి దగ్గర గొంతు నొక్కినట్టు వస్తోంది. మా ఆవిడ వద్దంటోంది. నా కాసెట్టు పాతదైపోయి ఉంటుంది, అంతేనా?"

నూకరాజు హెడ్‌ఫోను చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా ఎగరెయ్యబోయి ఆగాడు. నిజం చెబితే ఈయన సదర్ బజార్‌కు వెళతాడు. అక్కడ సేఠ్, లోపల గదిలో కూర్చున్నవాడెవడో చెబుతాడు.

"పాతదే అయి ఉంటుంది," అన్నాడు.

పంతులు కొత్త భజన కాసెట్టు కొన్నాడు. నోట్లు తడి చేసి లెక్కపెట్టాడు. దండం పెట్టి వెళ్లాడు.

చివరికి తేలిన లెక్క ఇది. పోయింది ఏడు వందలు. నిలబడింది ఆర్డరు, కాసెట్టుకు రెండు రూపాయల తరుగుతో. బావమరిది స్కూటరు మీద తిరుగుతున్నాడు, ఇంటి గడప మాత్రం తొక్కడం లేదు. గల్లాపెట్టెలో పన్నెండు వాషర్లున్నాయి. ఏది వేసినా అందులోని రొదనే ముందు పట్టుకునే చెవులు వచ్చాయి, ఇప్పుడు ఏ పాటా పూర్తిగా వినబుద్ధి కాదు. వీటన్నిటి పైన, బెల్తరా పంతులు ఇచ్చిన ఇరవై రెండు రూపాయలు. నూకరాజు వాటిని గల్లాలో వేసి, వేళ్లు వాసన చూసుకున్నాడు. ఆవనూనె.