వహ్దాన్ కేక

రేడియోలో మొహం కనబడదు. ఖలఫ్ ఆ పనికి ఒప్పుకున్నది అందుకే.

పెళ్ళిళ్ళలో వాయిస్తే మొహం చూపించాలి. ఊరంతా చూస్తుంది. చూసినవాళ్ళలో ఎవడిది ఏ ఊరో ఎవరికి తెలుసు? ఇక్కడ ఆ బెడద లేదు. కైరోలో ఫగ్గాలా వీధి, కింద దీపాల కొట్టు, మేడ మీద ఒక గది. కిటికీలు బిగించి, గోడలకు దుప్పట్లు కొట్టి, నడిమధ్య తాడుకు మైకు వేలాడదీశారు. కొట్టు యజమాని ఖవాజా మిషేల్, అంటే మిషేల్ దొర, దీపాలతో పాటు రేడియో పెట్టెలు కూడా అమ్ముతాడు. పెట్టె అమ్ముడుపోవాలంటే అందులోంచి ఏదో ఒకటి వినబడాలి కదా. అందుకని పైన రేడియో స్టేషను కూడా తనే పెట్టుకున్నాడు. సాయంత్రం నమాజు అయ్యాక పాటలు మొదలు.

ఆ గదిలో ఖలఫ్‌ను అందరూ ఫరీద్ అంటారు. కోటు, ఎర్ర టోపీ, నున్నగా గీసిన గడ్డం. మాట కూడా కైరో మాటే. ఆ మాట నాలుకకు ఎక్కడానికి ఏళ్ళు పట్టింది. నైలు ఎగువన సయీద్ నేలలో పుట్టిన నాలుక అది. అక్కడి యాస ఒక్క ముక్క దొర్లినా ప్రాణం మీదికొస్తుందని భయపడి భయపడి నేర్చుకున్నాడు.

ఊళ్ళో ఖలఫ్‌కు వహ్దాన్ అని ఒక స్నేహితుడుండేవాడు. కంజిర పట్టుకోవడం నేర్పింది వాడే. ఒక ఎండాకాలం కాలవ నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి ఖలఫ్ అన్న వహ్దాన్‌ను పారతో కొట్టాడు. వాడు గట్టు మీదే పోయాడు. అన్న సూడాన్ వైపు పారిపోయి అక్కడ జ్వరంతో పోయాడు. జ్వరం తీసిన ప్రాణం సయీద్‌లో లెక్కకు రాదు. అన్న లేకపోతే తమ్ముడు. తల్లి ఖలఫ్‌ను రైలెక్కించి, "నేను చచ్చినా రాకు" అంది. ఆమె పోయినప్పుడు అతను వెళ్ళలేదు.

వహ్దాన్ తండ్రి మిత్వల్లీ ఆనాటి నుంచి ఎవరి పరామర్శా తీసుకోలేదు. పగ తీరేదాకా వాళ్ళలో అంతే. చావింట పోసే చక్కెర లేని కాఫీ ఆ ఇంట కాయలేదు; అది తాగితే పగ వదిలినట్టే. ఓదార్చడానికి వచ్చినవాళ్ళను వాకిట్లోంచే తిప్పి పంపేశాడు. ముసలాయన చలికాలం రాగానే కైరో వస్తాడనీ, రైలు స్టేషను ముందు కాఫీ కొట్లో కూర్చుని దిగేవాళ్ళనూ ఎక్కేవాళ్ళనూ చూస్తుంటాడనీ ఖలఫ్ చెవిన పడింది. స్టేషను ఫగ్గాలాకు కూతవేటు దూరం. ఖలఫ్ ఆ వైపు నడిచిందే లేదు.

ఆ సాయంత్రం పాడటానికి నర్గిస్ వచ్చింది. భారీ మనిషి. గదిని చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఇదేమిటి ఖవాజా, నన్ను పాడమన్నావా, పాతిపెడతానన్నావా?"

"బయటి చప్పుడు రాకూడదు కదమ్మా."

"బయటిది సరే, లోపలిది ఏదీ? వినేవాళ్ళేరీ?"

"నగరమంతా వింటోంది తల్లీ. కాస్త పాడు."

పాడింది. మొదటి చరణం పాడి ఆగింది. ఆమె పుట్టి పెరిగిన పద్ధతి అది. పాట తిరిగి తిరిగి ఇల్లు, అంటే మొదలైన స్వరం, చేరగానే వినేవాళ్ళు "అల్లాహ్!" అనాలి. అంటే మళ్ళీ పాడుతుంది, ఇంకో దారిలో తిప్పి తెస్తుంది. ఎవరూ అనకపోతే ఎటు పోవాలో తెలియదు. గదిలో ఉలుకూ పలుకూ లేదు. ఆమె అదే చరణం మళ్ళీ పాడి, మళ్ళీ ఆగి, చేతులు తిప్పి గోడల వైపు చూసింది. పాట ఎలాగో ముగిసింది. పాట గాలిలోకి పోతున్నంతసేపూ వెలిగే ఎర్ర దీపం ఆరగానే గొంతెత్తింది.

"దుప్పట్లకు పాడలేను. నా డబ్బు వద్దు, నీ పెట్టె వద్దు. పోతున్నా."

మిషేల్ చేతులు జోడించినంత పని చేశాడు. చివరికి ఒప్పందం కుదిరింది. పాట ఇల్లు చేరినప్పుడు వాద్యాలవాళ్ళు నోరు విప్పవచ్చు. ఎవరో ఒకరే, అదీ మెల్లగా.

ఫిడేలు హిల్మీ మొదటిసారి అన్నాడు, "అల్లాహ్" అని. పాట ఆగాక నర్గిస్ అతన్ని ఎగాదిగా చూసింది.

"అదేమిటి నాయనా, ట్రాములో టిక్కెట్టు అడిగినట్టు?"

"పెళ్ళాం ముందు తప్ప నేను అరవలేనమ్మా."

"అక్కడా నీ అరుపు వినబడదని విన్నాను. ఫరీద్, నువ్వను. నీ కంజిరలో ప్రాణముంది, నోట్లో లేదా?"

ఖలఫ్ తల ఊపాడు. అల్లాహ్. ఒక్క మాట. కైరోవాళ్ళు అన్నట్టే అనాలి, చివర కాస్త సాగదీసి. లోలోపల అనుకుని చూసుకున్నాడు. సరిగ్గానే వచ్చింది.

ఎర్ర దీపం వెలిగింది. నర్గిస్ అందుకుంది. "ఇల్లు చేరే దారి మరిచితివా" అని పాట. మాట చిన్నది, ఆమె తిప్పిన దారులు మాత్రం పెద్దవి. పైకి తీసుకుపోయింది, అక్కడ వదిలేసింది. ఇక రాదనిపించింది. ఖలఫ్ కంజిర గిలకలు సన్నగా ఆడిస్తూ ఆమె పెదాలనే చూస్తున్నాడు. ఎక్కడున్నాడో మరిచిపోయాడు. ఆమె ఒక్కసారి పైనుంచి జారి, మెట్టు మెట్టుగా దిగి, అతని దెబ్బ మీదికే వచ్చి వాలింది.

అతని నోట వచ్చింది అల్లాహ్ కాదు.

"యా బూయ్! ... యా బూయ్!"

ఓ నాయనా అని. సయీద్‌లో దెబ్బ తగిలినా అదే మాట, ఆనందం పట్టలేకపోయినా అదే మాట. ఆ నేల మీద అననివాడు లేడు. కానీ ఈ అనడం వేరు. మొదటిది పైకి విసిరినట్టు, నడుమ గొంతు పట్టుకున్నట్టు ఒక చిన్న ఆగుడు, రెండోది బావిలోకి చేద దింపినట్టు. అలా అనేవాడు ఒక్కడే ఉండేవాడు. వహ్దాన్. వాడి దగ్గర కంజిరతో పాటు ఇది కూడా వచ్చేసిందని ఖలఫ్‌కు ఈ క్షణం దాకా తెలియదు.

నర్గిస్ కళ్ళు మెరిశాయి. ఇదీ కావలసింది అన్నట్టు మళ్ళీ అందుకుంది. మిషేల్ తలుపు దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని బొటనవేలు చూపించాడు.  గాలిలోకి పోయిన మాటను వెనక్కి లాగే తాడు ఏదీ? నగరంలో ఎన్ని కాఫీ కొట్లు, ఎన్ని పెట్టెలు! రైలు స్టేషను ముందు కొట్లో కూడా పెట్టె ఉంది. దాన్ని అమ్మింది మిషేలే.

కింద కొట్లో టెలిఫోను మోగింది. దుప్పట్లు దాటి సన్నగా వినబడింది. మిషేల్ పిల్లిలా దిగి, పిల్లిలా ఎక్కివచ్చాడు. పాట కాగానే మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"శ్రోతలారా, రైలు స్టేషను ముందు కాఫీ కొట్టు నుంచి ఒక పెద్దమనిషి అడుగుతున్నారు, ఇందాక కేక వేసిన సయీదీ తమ్ముడెవరు, ఎవరి కొడుకు అని. మా దగ్గర దాపరికం లేదు. ఫగ్గాలా వీధి, దీపాల కొట్టు మేడ మీద. మా తలుపు తీసే ఉంటుంది. పెట్టెలు కూడా చవక."

ఎవరి కొడుకు. కైరోవాడు పేరు అడుగుతాడు. ఎవరి కొడుకు అని అడిగేది సయీద్‌వాడే.

మిషేల్ దీపం ధరలు చదువుతుండగా ఖలఫ్ హిల్మీ చెవిలో అడిగాడు. "ఈ ఇంటికి వెనక దారి ఉందా?"

"ఎందుకు, అప్పులవాడా, అత్తగారా?"

"ఉందా లేదా?"

హిల్మీ అతని మొహం చూసి నవ్వు మింగేశాడు. "లేదు. ఆ మెట్లే. ఏమైంది నీకు?"

 దీపం వెలిగింది. ఆఖరి పాట. లేచి పోదామంటే మిషేల్ తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. పోయినా మెట్ల మీదే ఎదురుపడతారు, కాకపోతే వీధిలో. ఇక్కడైతే నలుగురున్నారు. నలుగురుంటే మాత్రం? ఊళ్ళో అంగడి మధ్య, పట్టపగలు, మసీదు మెట్ల మీద జరిగినవి అతనికి తెలుసు.

వాయించాడు. చెవి మాత్రం మెట్ల మీదే ఉంది. ఆ మెట్లు పాత చెక్క. ఎవరెక్కినా మూలుగుతాయి. చరణం సగంలో మూలిగాయి. ఒక మనిషి. కర్ర. ఒక మెట్టు, కర్ర, ఒక మెట్టు. తన దెబ్బకూ దెబ్బకూ నడుమ ఆ కర్ర పడుతోంది. ఆపుదామంటే చేతులు ఆగవు, ఆపితే పాట కూలుతుంది. కర్ర తలుపు దాకా వచ్చి నిలిచింది. తట్టలేదు. తలుపు అవతల ఎవరో నిలబడి పాట వింటున్నారు. కాదు, కంజిర వింటున్నారు.

నర్గిస్ ఇల్లు చేరింది. ఖలఫ్ వైపు ఆశగా చూసింది. అతను పెదవి కొరుక్కున్నాడు. నోట్లో ఉప్పగా తగిలింది.

దీపం ఆరింది. మిషేల్ లేచి తలుపు తీశాడు. ఉన్ని అంగీ, తెల్ల తలపాగా, చేతిలో దుడ్డుకర్ర. మిత్వల్లీ ముసలివాడయ్యాడు, చిన్నగా అయిపోయాడు. కళ్ళు మాత్రం అవే.

"కొట్టు కట్టేశాం పెద్దాయనా," అన్నాడు మిషేల్. "పెట్టె కావాలంటే రేపు రా."

"పెట్టె నాకెందుకు. ఇందాక దాంట్లో అరిచింది ఎవురు?"

 హిల్మీ ఫిడేలు కమాను మోకాలి మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. నర్గిస్ చూపు అనుకోకుండా ఖలఫ్ మీదికి పోయింది. అది చాలు.

ముసలాయన వచ్చి ఖలఫ్ ఎదురుగా నిలబడ్డాడు.

"నాకు పిచ్చి పట్టలేదు. నా కొడుకును నా చేతుల్తో కడిగి మట్టిలో పెట్టినా. వాడు లేడని నాకు తెల్దా? ఆ కేక వాడొక్కడిదే. వాడి మోకాలికి మోకాలు తాకించి కూచునే పిల్లోడొకడు ఉండె. వాడికి తప్ప ఇంకెవురికీ వచ్చేదానికి లేదు. టోపీ పెట్టినంత మాత్రాన కొత్తోడివి అయితావా రా?"

కుడిచెయ్యి అంగీ రొమ్ములోకి పోయింది. అక్కడే ఉండిపోయింది.

"ఈడ ఏముందో నీకు తెలుసు."

"తెలుసు," అన్నాడు ఖలఫ్. 

"కాఫీ కొట్లో కూచోనుండా. పెట్టెలోంచి నా కొడుకు నన్ను పిలిచె. నాయనా అని రెండుతూర్లు. కప్పు చేతిలోంచి పడిపాయ. కర్ర తీసుకోని పరిగెత్తుకొస్తి, నీ గొంతు కోసేదానికే. మెట్లెక్కుతా ఉంటే తోచింది, ఈ గొంతు కోస్తే ఇంక వాడెట్ల పిలుస్తాడు అని." ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొకతూరి అను."

ఖలఫ్ నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. రాకపోతే రాలేదని చంపుతాడు. వస్తే వినేశానని చంపుతాడు. మళ్ళీ తెరిచాడు. 

"అడిగితే రాదు మామా," అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత నోట్లోంచి ఊరి మాట దానంతట అదే వచ్చింది. "పాట ఇల్లు చేరల్ల. అప్పుడొస్తాది. వాడికీ అంతే గదా."

"అంతే," అన్నాడు ముసలాయన. "వాడికీ అంతే."

నర్గిస్ ఆ ఇద్దరినీ చూసింది. ఆమెకు కథ తెలియదు. రొమ్ములో ఉన్న ఆ చెయ్యి ఏమిటో తెలిసింది. మిషేల్ ఏదో అనబోతే వేలెత్తి ఆపి, మైకు వైపు చూడకుండా, కూర్చున్నచోటే అందుకుంది. ఇల్లు చేరే దారి మరిచితివా. హిల్మీ కమాను తోడయింది. ఖలఫ్ కంజిర ఎత్తాడు. 

ఆమె తొందరపడలేదు. ఇంకో మలుపు, ఇంకో మలుపు. తన ప్రాణాన్ని ఆమె పొడిగిస్తోందని ఖలఫ్‌కు అర్థమైంది. ఎంతని పొడిగిస్తుంది? పాటకు ఇల్లంటూ ఉంది. దిగడం మొదలుపెట్టింది. అతను కళ్ళు మూసుకున్నాడు. పక్కన మోకాలికి మోకాలు తగిలినట్టయింది. కాలవ గట్టు, బురద వాసన, వహ్దాన్ నవ్వు.

"యా బూయ్! ... యా బూయ్!"

"ఏం కొడకా," అన్నాడు ముసలాయన.

పిలిస్తే పలికినట్టు, వాకిట్లోంచి ఇంట్లోకి పలికినట్టు అన్నాడు. తర్వాత నిలబడలేక మిషేల్ పీట మీద కూలబడ్డాడు. చెయ్యి అంగీలోంచి బయటికి వచ్చింది. ఖాళీగా వచ్చింది.

ఖలఫ్ కళ్ళు తెరవడానికి భయపడ్డాడు. తెరిచేసరికి ముసలాయన మూలనున్న స్టవ్వు వైపు చూస్తున్నాడు. దాని మీద నర్గిస్ కాఫీ గిన్నె ఉంది.

"కాఫీ ఉందా తల్లీ?"

"ఉంది బాబాయ్. చక్కెర ఎంత వెయ్యను?"

"వద్దు. చేదుగానే ఇయ్యి."

"మా చక్కెర ఏం పాపం చేసింది?" అన్నాడు మిషేల్, వాతావరణం తేలికైందనుకుని.

ఖలఫ్ కంజిర కింద పెట్టాడు. తన చేతులతో తనే పోశాడు.  ముసలాయన కప్పు అందుకుని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తాగుతాడా? కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది.  ముసలాయన తాగాడు. ఆపకుండా, అడుగున మడ్డి దాకా తాగాడు.

"నా తమ్ముని కొడుకులు కింద ఉండారు," అన్నాడు లేస్తూ. "వాళ్ళు గూడా విన్న్యారు. నువ్వు ముందు దిగొద్దు. నా ఎనక నిలబడు. నా భుజం మింద చెయ్యి ఎయ్యి, తియ్యొద్దు."

మెట్లు దిగుతున్నారు. చీకటిగా ఉంది. ముసలాయన భుజం ఉన్ని అంగీ కింద ఎముకలా తగులుతోంది. ఈయన తాగాడు సరే. కింద ఉన్నవాళ్ళు తాగలేదు. కర్ర ఒక మెట్టు, మనిషి ఒక మెట్టు. కింద వీధి వెలుతురులో రెండు నీడలు లేచి నిలబడ్డాయి.

"పెద్దనాయనా! దొరికినాడా?"

ముసలాయన ఆగాడు. ఖలఫ్ చెయ్యి తియ్యలేదు.

"దొరికినాడు," అన్నాడు మిత్వల్లీ. "కాఫీ తాగినా."

కింద చప్పుడు లేదు.  తర్వాత ఎవరో కర్రను గోడకు ఆనించిన శబ్దం వినబడింది. ఇంకొక కర్ర శబ్దం కోసం ఖలఫ్ చెవి రిక్కించి నిలబడ్డాడు. అదీ వినబడింది.